మా అబ్బా గ్రామఫోను మళ్ళీ ముక్కలు కాకుండా

పల్నాడు జిల్లా నరసరావుపేట, బరంపేటలో కాపురముంటున్న షేక్ సుల్తానా అనే నేను, లేటు బందగీ సాహెబ్ గారి కూతురిని, లేటు అన్వర్ గారి భార్యను, వయసు డెబ్బై నాలుగు, వృత్తి జాకెట్లు కుట్టడం, ఎవరూ నేర్పకుండా, ఎవరూ బెదిరించకుండా, నా అంతట నేను రాయిస్తున్న వీలునామా ఇది.

నా బుద్ధి స్థిరంగా ఉంది. డాక్టరు సర్టిఫికెట్ జతచేయమని వకీలు అంటే జతచేశాను. అది చాలదనేవాళ్ళకు ఇంకో రుజువు చెబుతాను. ఈ పొద్దున సూదిలో దారం మొదటిసారికే ఎక్కించాను. ఈ వీధిలో ఎవరి పెళ్ళి జాకెట్టుకి ఏ రంగు అంచు వేశానో, ఎవరు కొలత తప్పు చెప్పి తర్వాత నన్ను తిట్టారో ఇప్పటికీ పేర్లతో సహా చెప్పగలను.

వచ్చే వారం గుంటూరులో నా గుండెకు ఆపరేషను ఉంది. డాక్టరు భయం లేదన్నాడు. నాకూ లేదు. తిరిగి వచ్చి ఈ కాగితాన్ని బీరువాలో పడేసి, ఇంకో పదేళ్ళు అందరి మీదా అరవాలనే నా ఉద్దేశం. అయినా ఊరికి వెళ్ళేటప్పుడు గ్యాసు కట్టేసి, గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకుని వెళ్తాం కదా. ఇదీ అలాంటి పనే.

నేను చెబుతుంటే నా మనవరాలు షబ్నం లాప్‌టాప్‌లో కొడుతోంది. నా కొడుకు తన్వీరు కూతురు ఈ పిల్ల, ఇంజనీరింగు చదువుతోంది. చెప్పింది చెప్పినట్టు కొట్టమన్నాను. వకీలు మధుబాబు మొదటి ప్రతి చూసి సగానికి పైగా కొట్టేశాడు. వీలునామాలో ఆస్తుల వివరం ఉండాలిగానీ కోపాల వివరం ఉండకూడదన్నాడు. నా ఆస్తిలో ఎక్కువ భాగం కోపాలే కాబట్టి అవీ ఉండాల్సిందేనన్నాను. ఇతని స్కూలు నిక్కర్లు కుట్టింది నేనే. ఆ మొహమాటంతో మళ్ళీ అన్నీ ఉంచాడు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పై చెప్పిన మధుబాబుకు అప్పగిస్తున్నాను. తొందరపడే మనిషి కాదు. ఒక్కోసారి అసలు కదిలే మనిషి కూడా కాదు. కదలకపోతే షబ్నం ఫోను చేస్తూ ఉండాలి.

2. నేను ఉంటున్న ఇల్లు, నా బంగారం, బ్యాంకులో ఉన్నది, ఇవన్నీ మా షరియతు ప్రకారం నా వారసులకు చెందుతాయి. తన్వీరుకు రెండు వంతులు, నా కూతురు గౌసియాకు ఒక వంతు. వీలునామా రాసే హక్కు నాకు మూడో వంతు వరకే ఉంది, అదీ వారసులు కానివాళ్ళకే. ఆ హద్దు దాటకుండానే కింది క్లాజులు రాయిస్తున్నాను. అల్లా పెట్టిన లెక్కతో నాకు తగాదా లేదు. ఆ లెక్కను తీసుకెళ్ళి గ్రామఫోనుకు వర్తింపజేసిన పెద్దమనుషులతోనే నా తగాదా.

3. ఈ క్లాజులో ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. ఇది తెలియకపోతే నాలుగో క్లాజు అర్థం కాదు కనుక రాయిస్తున్నాను.

మా అబ్బా బందగీ సాహెబ్‌కు ఒక గ్రామఫోను ఉండేది. చదువుకున్నవాళ్ళు ఫోనోగ్రాఫు అనేవాళ్ళు, పల్లెల్లో పాటల పెట్టె అనేవాళ్ళు. దాన్ని బండిలో పెట్టుకుని నాదెండ్ల నుంచి అచ్చంపేట దాకా పెళ్ళిళ్ళకు వెళ్ళేవాడు. మైకు సెట్లు వచ్చాక కూడా పాత ఇళ్ళవాళ్ళు ఆయన్నే పిలిచేవాళ్ళు. పాట అయిపోయాక బాకాలో తల దూర్చి లోపల ఎవరున్నారా అని చూసే పిల్లల్ని అబ్బా ఎప్పుడూ కసిరేవాడు కాదు. చూడనిచ్చేవాడు.

ఆ మిషనులో మూడు భాగాలు ముఖ్యం. ఒకటి పెట్టె, అందులో తాళం ఇస్తే తిరిగే స్ప్రింగు మోటారు ఉంటుంది. రెండు బాకా. మూడు సౌండు బాక్సు. అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ళ అది. పాట సూది దిగేది దానిలోనే, సూది గరగరను పాటగా మార్చేదీ అదే.

అబ్బా పోయాక పంపకాలకు పెద్దమనుషులు వచ్చారు. ఇల్లు, పశువులు, బండి తేలిగ్గానే తేలాయి. గ్రామఫోను దగ్గర ఆగింది. అమ్మి పంచుకోమంటే నేనూ ఒప్పుకోలేదు, మా అన్న పీర్ సాహెబూ ఒప్పుకోలేదు. నీకే ఉంచుకో అని నేననలేదు, నువ్వే తీసుకో అని ఆయన అనలేదు. పెద్దమనుషులు చాలాసేపు గుసగుసలాడుకుని తీర్పు చెప్పారు. మిషనును మూడుగా విప్పాలి. అన్నకు రెండు వంతులు, చెల్లెలికి ఒక వంతు. అంటే పెట్టె, బాకా ఆయనకు. సౌండు బాక్సు నాకు. రికార్డులు కూడా రెండుకి ఒకటి లెక్కన పంచారు. అంత కచ్చితమైన న్యాయం ఈ ప్రాంతంలో ఎవరూ చెప్పలేదని ఒకరినొకరు మెచ్చుకుని, మా ఇంట్లోనే భోంచేసి వెళ్ళారు. ఆ రోజు నుంచి ఆ మిషను పాడలేదు.

వెళ్ళేటప్పుడు మా అన్న గుమ్మంలో నిలబడి, “ఆ బిళ్ళని ఏం చేసుకుంటావే సుల్తానా, చెవికి పెట్టుకో” అన్నాడు. నేను ఊరుకుంటానా. “నా బిళ్ళ లేకపోతే నీ పెట్టెలో కందిపప్పు పోసుకో భాయ్” అన్నాను. ఆయన మాచర్లలో స్థిరపడ్డాడు. తర్వాత పెళ్ళిళ్ళకీ చావులకీ కలిశాం, పక్కపక్కన కూర్చుని తిన్నాం, ఆయన పిల్లల పెళ్ళి బట్టలన్నీ నేనే కుట్టాను. నలభై ఏళ్ళు దాటినా గ్రామఫోను మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

నా వాటాకు వచ్చిన రికార్డుల్లో ఒక సన్నాయి రికార్డు ఉంది. పెళ్ళికూతురు అత్తారింటికి బయలుదేరేటప్పుడు అబ్బా అదే పెట్టేవాడు. దాని మధ్యలో ఒక చోట గాటు ఉంది. సూది అక్కడికి వచ్చి ఇరుక్కుని అదే ముక్కను మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. సరిగ్గా ఆ చోటు వచ్చేసరికి మా అన్న చిటికెన వేలితో సౌండు బాక్సును వెంట్రుకవాసి ముందుకు నెట్టేవాడు. ఎన్ని పెళ్ళిళ్ళు చేశాడో, ఎప్పుడూ తప్పలేదు. ఒక్క నా పెళ్ళిలోనే తప్పాడు. గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు మరి. సన్నాయి అదే ముక్క వాయిస్తూనే ఉంది, నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను, చివరికి అబ్బా వచ్చి నెట్టాడు. కోపం వచ్చిన ప్రతిసారీ నేను గుర్తుచేసుకునేది దీన్నే. గుర్తొచ్చాక కోపం నిలవదు. అందుకని కోపంగా ఉండాలనుకున్న రోజుల్లో గుర్తుచేసుకునేదాన్ని కాదు.

4. మా అబ్బా గ్రామఫోను తాలూకు సౌండు బాక్సును, దానితోపాటు పై చెప్పిన సన్నాయి రికార్డును, నా మరణానంతరం మాచర్ల నివాసి అయిన మా అన్న షేక్ పీర్ సాహెబ్‌కు పూర్తి హక్కులతో ఇస్తున్నాను. నాకు కొడుకు ఉన్నాడు కాబట్టి మా అన్న నాకు వారసుడు కాడు. ఆయన పేర రాయడానికి చట్టం అడ్డం రాదు. సౌండు బాక్సు నా బీరువాలో బిస్కెట్ల డబ్బాలో దూది మధ్య ఉంది. ఆ దూది మా ఆయన అన్వర్ తాను పనిచేసిన పత్తి మిల్లు నుంచి తెచ్చింది. ఏటా కొత్త దూది తెచ్చి మార్చేవాడు. మార్చినప్పుడల్లా, “మీ అన్నకి ఇచ్చెయ్యరాదే, చానా ఏళ్ళయింది” అనేవాడు. నా మొగుడై ఉండి ఏనాడూ నా పక్షాన మాట్లాడలేదు.

ప్రాణం ఉండగా మాత్రం ఇవ్వను. నోరు తెరిచి అడగనివాడికి ఇచ్చే అలవాటు నాకు లేదు. పెద్ద వాటా తీసుకున్నవాడు ముందు అడగాలి.

5. నేను సొంతంగా కూర్చిన రెండో గ్రామఫోనును షబ్నంకు ఇస్తున్నాను. దాని సంగతి చెప్పాలి.

నా దగ్గర సౌండు బాక్సు ఉంది, మిగతావి కొనుక్కుంటే పోలా అనుకుని, భాయ్ మీద పంతంతో మొదలుపెట్టాను. కొనుక్కుంటే పోలేదు. ఈ మిషను విడిభాగాలు ఏ దుకాణంలోనూ వరసగా పేర్చి ఉండవు. ఒక్కోటి ఒక్కో ఊళ్ళో, దాన్ని ఏమనాలో కూడా తెలియనివాళ్ళ ఇంట్లో దొరుకుతుంది. జాకెట్ల కొలతలు తీసుకుంటూనే వచ్చిన ప్రతి ఆడమనిషినీ మీ ఇంటి అటక మీద ఇలాంటిదేమైనా ఉందా అని అడిగేదాన్ని. మా వీధి చివర పాత ఇనుము కొట్టులో రికార్డు తిరిగే పళ్ళెం దొరికింది. నీళ్ళ కుండ మీద మూతగా వాడి వాడి అమ్మేశారట. పెట్టె, బాకా ఎక్కడ దొరికాయో కింది క్లాజుల్లో చెబుతాను. మోటారు, సౌండు బాక్సును మోసే వంకర గొట్టం మాత్రం హైదరాబాదు పాతబస్తీలో పాత సామాన్లు అమ్మే అతని దగ్గర తీసుకున్నాను.

దొరకనిది ఒక్కటే, ఆ మోటారులో పట్టే స్ప్రింగు. ఉన్నది ముక్కలైంది. ఉక్కు పట్టీని చుట్టలా చుట్టి ఉంటుంది. వెడల్పు ఏమాత్రం తేడా ఉన్నా కూర్చోదు. కొట్టు షట్టరు స్ప్రింగు తెప్పించి పెట్టాను, అది మోటారును తిప్పకుండా పెట్టెనే తిప్పింది. షబ్నం ఫోనులో వెతికి ఎక్కడినుంచో ఒకటి తెప్పించింది. తాళం ఇస్తుండగా అది బయటికి ఎగిరి వంటింటి గోడను గీరింది. ఆ మచ్చ మీద నేను పోయాక కూడా ఎవరూ సున్నం వేయకూడదు. ఆ రోజు షబ్నమూ నేనూ నవ్వినంతగా ఈ ఇంట్లో చాలాకాలంగా ఎవరూ నవ్వలేదు.

పోయిన ఏడు మళ్ళీ స్ప్రింగు కోసం వెళ్తే ఆ పాతబస్తీ అతను నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి ఒక మాటన్నాడు. “ఏందమ్మా, మీ దిక్కు వాళ్ళందరికీ ఇదే పిచ్చా? మాచర్ల నుంచి ఒక పెద్దాయన ఎన్నేండ్ల సంది వస్తుండు. సౌండు బాక్సు కావాలంటడు. ఎన్ని సూపించినా, తీస్కపోయి పెట్టి సూసి, మా నాయనది పలికినట్టు పలుకుతలేదంటడు. ఆయన పెట్టెలో స్ప్రింగు మంచిగుంది. నీ దగ్గర సౌండు బాక్సు మంచిగుంది. మీరిద్దరు కలిసి మాట్లాడుకోరాదు?” చాయ్ తాగేసి వచ్చాను. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని నరసరావుపేట వచ్చేదాకా ఏడ్చాను. నేను తొక్కిన గడపలే మా అన్న కూడా తొక్కుతున్నాడు, నేను వెళ్ళిన మర్నాడో ముందురోజో. ఇంటికి వచ్చాక ఎవరికీ చెప్పలేదు. నాలుగో క్లాజు రాయించాలన్న ఆలోచన ఆ బస్సులోనే పుట్టింది.

కాబట్టి షబ్నంకు నేనిచ్చేది మిషను ఒక్కటే కాదు, ఆ వెతుకులాట కూడా. స్ప్రింగు ఒకటి, సౌండు బాక్సు ఒకటి దొరకాలి. దొరుకుతాయి. ఎక్కడో ఎవరింట్లోనో ఉన్నాయి, వాళ్ళకు అవేమిటో తెలియదు, అంతే. అడగడానికి సిగ్గుపడకూడదు. అడిగేటప్పుడు ముందు వాళ్ళ పిల్లల గురించి అడగాలి, తర్వాతే అటక గురించి.

6. నాదెండ్లలో వడ్రంగం చేసే చిన్నప్పకు నా పాత కుట్టు మిషను కింది టేకు బల్ల ఇస్తున్నాను. వాళ్ళ చర్చిలో పాత బల్లలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేసినప్పుడు, ఆ చెక్కతో నా రెండో గ్రామఫోనుకు పెట్టె చేసిపెట్టాడు. కూలి తీసుకోలేదు. “ఇన్నేళ్ళు పాటలు విన్న చెక్కమ్మా ఇది, పాటల పెట్టెకి ఇవ్వకుండా పొయ్యిలో పెడతానా” అన్నాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా నా టేకు బల్ల మీద చెయ్యి వేసి నిమిరి చూసుకునేవాడు. అడగలేదు. అడగకపోయినా ఇస్తున్నాను, అతను మా అన్న కాదు కాబట్టి.

7. అచ్చంపేట యల్లమందకు, అతని కోళ్ళకు, ఒక మంచి ఇనప గూడు చేయించి ఇవ్వాలి. నేను వెతుకుతున్న బాకా వాళ్ళ పెరట్లో కోడిపిల్లల మీద బోర్లించి ఉంది. నేను అడిగితే యల్లమంద ఎంత బాధపడ్డాడో చెప్పలేను. “గద్ద తన్నుకుపోకుండా ఉంటదమ్మా, పైన బొక్కలోంచి గాలి కూడా వస్తది, ఇట్టాంటిది మళ్ళీ నాకేడ దొరుకుద్ది” అన్నాడు. వెదురు గంప ఇచ్చి తెచ్చుకున్నాను. ఆ గంపను మరుసటి ఏడే కుక్క చింపేసిందని విన్నాను. అది నా మనసులో అలాగే ఉంది. గూడుకు పైన గాలి రావడానికి బొక్క ఉంచడం మర్చిపోకూడదు.

8. మా ఎదురింటి మాబున్నీసాకు నా పెద్ద దేగిశా ఇస్తున్నాను. అది ఎక్కడుందో వెతకనక్కర్లేదు, ఆమె దగ్గరే ఉంది. వాళ్ళ అబ్బాయి పెళ్ళికి బిర్యానీ వండుకుంటానని తీసుకెళ్ళింది. ఆ అబ్బాయికి ఇప్పుడు ముగ్గురు పిల్లలు. ఇక దాన్ని మంచం కింద దాచుకోవలసిన పని లేదు, బయటపెట్టి వండుకోవచ్చు.

ఈ వీలునామాకు సాక్షి సంతకం తానే పెడతానని మాబున్నీసా ఉత్సాహపడింది. మధుబాబు అడ్డం చెప్పాడు. మా చట్టంలో అంత పట్టింపు లేకపోయినా, వీలునామాలో ఏదైనా పొందేవాళ్ళు సాక్షులుగా ఉంటే రేపు ఎవరో ఒకరు వంక పెడతారట. దేగిశానా, సంతకమా తేల్చుకోమన్నాడు. మాబున్నీసా ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా దేగిశానే ఎంచుకుంది. ఆ క్లాజు అందుకే అలాగే ఉంది.

9. వారసులకు వీలునామాలో రాయాలంటే మిగతా వారసులు ఒప్పుకోవాలి. తన్వీరు, గౌసియా ఒకరికి ఇచ్చేదానికి ఒకరు ఒప్పుకున్నారు. వాళ్ళ నాన్న మిల్లుకు తీసుకెళ్ళిన క్యారేజీ తన్వీరుకు. సెల్‌ఫోన్ల కొట్టులో కూర్చుని మధ్యాహ్నం హోటలు తిండి తింటున్నాడు. ఇంటి తిండి తింటాడని ఆశ. నా పెద్ద కత్తెర గౌసియాకు. గురజాలలో టీచరు ఉద్యోగం, రెడీమేడ్ జాకెట్లు వేసుకుంటుంది, చంకల దగ్గర ముడతలు పడినా ఏమీ అనకుండా చూసీచూడనట్టు ఉంటున్నాను. కత్తెర చూసినప్పుడైనా ఆ ముడతలు గుర్తుకురావాలి.

పై తొమ్మిది క్లాజులూ పోయిన శుక్రవారానికి పూర్తయ్యాయి. ఈ కిందివి తర్వాత చేర్చినవి.

10. పై నాలుగో క్లాజును ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

ఎందుకంటే, ఆ క్లాజులో పేరు, చిరునామా సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి మధుబాబు మాచర్లకు ఫోను చేశాడు. మా అన్న ఫోను ఎత్తి, ఎంత గట్టిగా చెప్పినా ఎవరూ ఎవరూ అంటూనే ఉన్నాడట. చివరికి ఆయన కోడలు మెహ్జబీన్ ఫోను అందుకుని చెప్పింది. “మామకి ఎడం చెవి పోయి రెండేళ్ళయిందండీ. కుడి చెవి కూడా పోతా ఉంది. చెవికి మిషను పెట్టారు గానీ, అది కూడా ఎన్నాళ్ళో పనిచెయ్యదన్నాడు డాక్టరు. సుల్తానా అత్తకి చెప్పొద్దన్నాడు మామ. తెలిస్తే అరుస్తదంట.”

మధుబాబు వచ్చి ఇది నాకు చెప్పాడు. నేను అరవలేదు. నాలుగో క్లాజు తీసి మళ్ళీ చదవమన్నాను. నా మరణానంతరం అనే చోట ఆపమన్నాను. నేను ఆపరేషను చేయించుకుని ఇంకో పదేళ్ళు ఉందామనుకుంటున్నాను. ఆ పదేళ్ళ తర్వాత ఈ సౌండు బాక్సు మా అన్న చేతికి వెళ్తే ఆయన దాన్ని ఏం చేసుకుంటాడు. నేను పోయేదాకా ఆగమని ఆయన చెవులకు నోటీసు ఇవ్వలేం. ఇన్నేళ్ళు స్ప్రింగు లేదు, స్ప్రింగు లేదు అని నేను ఊళ్ళు తిరిగాను. ఆయన సౌండు బాక్సు కోసం తిరిగాడు. అవతల అరిగిపోతున్న భాగం ఒకటుందని ఇద్దరం చూసుకోలేదు. దానికి మాత్రం ఏ పాతబస్తీలోనూ విడిభాగం దొరకదు. మెహ్జబీన్‌కు నేనే ఫోను చేసి, మీ మామను, పెట్టెను, బాకాను ఎక్కించుకుని రమ్మన్నాను. ఎవరు ముందు అడగాలి అనే తకరారు ఆ ఫోనుతో ముగిసింది.

ఈ రోజు పొద్దున వచ్చారు. మాచర్ల బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని, బాకా దుప్పట్లో చుట్టుకుని కూర్చున్నాడట. కండక్టరు దానికి లగేజీ టికెట్ కొట్టాలంటే, “ఇది లగేజీ కాదు, మా నాయన” అన్నాడట. కండక్టరు టికెట్ కొట్టకుండానే ముందుకు వెళ్ళిపోయాడట. నేను బిస్కెట్ల డబ్బా తెచ్చి చేతిలో పెడితే మూత తీసి, దూది పక్కకు జరిపి చూసి, “ఏందే, బతికుండగానే ఇస్తన్నావా?” అన్నాడు. అవునని గట్టిగా అరిచి చెప్పాను. నా ఆపరేషను సంగతి కూడా ఆయనకు దారిలోనే తెలిసిందట. కాసేపు ఇద్దరం ఒకరి మీద ఒకరు కోప్పడ్డాం, నాకెందుకు చెప్పలేదంటే నాకెందుకు చెప్పలేదని. వకీలుకు ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది.

మిషను వెంటనే పాడలేదు. సౌండు బాక్సుకూ గొట్టానికీ మధ్య ఉండే రబ్బరు గట్టిపడి పొడైపోయింది. ఇలాంటిదే నా రెండో మిషనుకు కూడా కావాల్సి వచ్చి, సైకిలు ట్యూబు కత్తిరించి చేసిన రబ్బరు ఒకటి నా దగ్గర అదనంగా ఉంది. కొలిచి కోసింది నేనే కాబట్టి సరిగ్గా కూర్చుంది. అబ్బా మిషనులో నా వెతుకులాట తాలూకు ముక్క ఇప్పుడు అదొక్కటే. స్ప్రింగుకు మా అన్న ప్రతి రంజానుకూ నూనె వేస్తూ వచ్చాడట. పాడని మిషనుకు ఎందుకు వేశావని అడిగితే, వంగి తాళం ఇవ్వడం మొదలుపెట్టాడు.

షబ్నం సన్నాయి రికార్డు పెట్టింది. భాయ్ చెవికి పెట్టుకున్న మిషను తీసేసి, కుడి చెవిని బాకా దగ్గరకు తెచ్చి కళ్ళు మూసుకున్నాడు. సన్నాయి మొదలైంది. గరగరలాడుతూనే, అబ్బా పెట్టినట్టే మొదలైంది. నేను ఆయన మొహమే చూస్తున్నాను. వినపడుతోందో లేదో తెలియడం లేదు, అడిగే ధైర్యం లేదు. పాట సగం దాటింది. గాటు ఉన్న చోటు దగ్గరికి వస్తోంది. కళ్ళు మూసుకునే ఉన్నాడు. చెయ్యి మాత్రం లేచింది. చిటికెన వేలు సరిగ్గా ఆ చోట సౌండు బాక్సును వెంట్రుకవాసి ముందుకు నెట్టింది. సన్నాయి ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్ళింది.

వినపడకపోతే ఆ వేలు ఆ చోట లేవదు. నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఈ మాట వీలునామాలో ఉండకూడదని మధుబాబు అనలేదు.

సౌండు బాక్సు, సన్నాయి రికార్డు ఈ రోజు నుంచి నావి కావు. నా చేత్తో, బతికి ఉండగా, మా అన్నకు ఇచ్చేశాను. నా వారసులెవరూ వాటి మీద ఎప్పుడూ తకరారు చేయకూడదు.

11. ఐదో క్లాజులో చిన్న సవరణ. ఇన్నేళ్ళలో తెచ్చి నచ్చక పక్కన పెట్టేసిన సౌండు బాక్సులన్నీ మా అన్న ఒక సంచిలో వేసి తెచ్చాడు. “నాకు పనికిరాలేదు, ఈ పిల్లకి పనికొస్తాయేమో చూడు” అని షబ్నంకు ఇచ్చాడు. వాటిలో ఒకటి నా రెండో గ్రామఫోనుకు సరిపోయింది. కాబట్టి షబ్నం ఇక వెతకాల్సింది స్ప్రింగు ఒక్కటే. ఇంతకాలం ఇద్దరం వేరువేరుగా తిరిగిన ఊళ్ళ పేర్లు ఇద్దరం కూర్చుని ఆ పిల్లకు చెబుతున్నాం. మేమిద్దరం వెళ్ళని ఊళ్ళు కొన్ని మిగిలే ఉన్నాయి.

12. చివరిది, అందరికీ వర్తించేది. విప్పితే పనికిరాకుండా పోయే వస్తువు ఏదైనా ఈ కుటుంబంలో ఉంటే దాన్ని విప్పకూడదు. పెద్దమనుషులు వచ్చి చెప్పినా విప్పకూడదు. వస్తువును కాకుండా నెలలను పంచుకోవాలి. ఈ ఉపాయం నాది కాదు, మా అన్నది. గ్రామఫోను ఇప్పుడు పూర్తిగా ఆయనదే అయినా, ఆరు నెలలు మాచర్లలో, ఆరు నెలలు నరసరావుపేటలో ఉంచుదామన్నాడు. ఈసారి రెండు వంతులు, ఒక వంతు అనలేదు. మొదటి ఆరు నెలలు పేటలోనే ఉండాలని కూడా అన్నాడు. ఆసుపత్రి నుంచి నేను ఇంటికి వచ్చే రోజు సన్నాయి పెట్టాలట, తనే వచ్చి పెడతాడట. అత్తారింటికి పంపేటప్పుడు పెట్టే పాటను ఇంటికి వచ్చేటప్పుడు పెట్టడమేంటని అడిగాను. పంపినప్పుడు సరిగ్గా పెట్టలేదు కదా అన్నాడు.

ఇంతకుముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. ఇదే మొదటిది. అవసరమైతే, కోపం వస్తే, మార్చుకునే హక్కు నాకు ఉంది. పైవన్నీ నాకు చదివి వినిపించారు. కొన్ని చోట్ల రెండుసార్లు చదివించుకున్నాను. అంతా నేను చెప్పినట్టే ఉందని ఒప్పుకుని, నరసరావుపేటలో మా ఇంటి వరండాలో, కింది సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

2025 నవంబరు 16, ఆదివారం

షేక్ సుల్తానా
(వేలిముద్ర కాదు, సంతకమే)

సాక్షులు:

1. ప్రిస్కిల్లా, రిటైర్డు నర్సు, బరంపేట, నరసరావుపేట. మా వీధే. నా బీపీ చూసేది ఈమే.

2. షేక్ పీర్ సాహెబ్, తండ్రి లేటు బందగీ సాహెబ్, మాచర్ల. ఈ వీలునామా కింద ఈయనకు వచ్చేది ఏమీ లేదు.